షెరీఫ్ ఫైల్లో అమ్మ చిరునామా

జీవితచరిత్ర, ఆత్మకథ, స్వీయకథనం వంటి ప్రక్రియల గురించి స్త్రీవాద విమర్శ చాలా కాలంగా మాట్లాడుతూనే ఉంది. ఎవరి జీవితం రాయదగ్గదిగా గుర్తింపు పొందింది, దాన్ని ఎవరు రాశారు, ఎవరి అనుమతితో రాశారు, రాయకుండా వదిలేసిందేమిటి అని నిలదీసింది. అయితే మనుషుల జీవితాల గురించి అందరికంటే ఎక్కువగా, ఏ రోజూ మానకుండా రాసే రచయిత ఒకరున్నారు. ఆ రచయితను మనం విమర్శ పరిధిలోకి దాదాపుగా తెచ్చుకోలేదు. ఆ రచయిత పోలీసు స్టేషన్. అది రాసే పుస్తకానికి ముఖచిత్రం ఉండదు, ఆవిష్కరణ సభ ఉండదు. అందులో పాత్రగా ఉన్న మనిషికే ఆ పుస్తకం చదివే హక్కు ఉండదు.

అమెరికాలో స్థానిక షెరీఫ్ కార్యాలయాలు యువకుల ముఠాల మీద, ‘హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ’ పేరుతో అనుమానితుల మీద నడిపిన ఇంటెలిజెన్స్ పనిని ఈ వ్యాసంలో ఒక రచనా ప్రక్రియగా చదవాలనుకుంటున్నాను. దాని పక్కన చికానా రచయిత్రి హెలెనా మరియా విరమోంతెస్ కథను, నవలను పెట్టి చూస్తాను. చికానా అనేది మెక్సికన్ మూలాలున్న అమెరికన్ స్త్రీలు రాజకీయ స్పృహతో తమకు తాము పెట్టుకున్న పేరు. విరమోంతెస్ 1954లో ఈస్ట్ లాస్ ఏంజెల్స్‌లో పుట్టి అక్కడే పెరిగింది. ఆ ప్రాంతం లాస్ ఏంజెల్స్ నగరపాలక సంస్థ కిందికి రాదు. అందుకే అక్కడ గస్తీ తిరిగేది నగర పోలీసులు కారు, లాస్ ఏంజెల్స్ కౌంటీ షెరీఫ్ మనుషులు. షెరీఫ్ అంటే మన ఎస్పీలాగా పైనుంచి నియమించే అధికారి కాదు. జిల్లా వంటి కౌంటీలో జనం ఓటు వేసి ఎన్నుకునే అధికారి. చాలాచోట్ల గస్తీ, జైలు రెండూ అతని చేతిలోనే ఉంటాయి. ఓటుతో వచ్చిన అధికారం కాబట్టి తాను ప్రజల తరఫున రాస్తున్నానని అతను నమ్మగలడు, నమ్మించగలడు.

ఇల్లు అనే మాట

‘హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ’ని మన పత్రికలు ‘అంతర్గత భద్రత’ అని అనువదిస్తాయి. అనువాదంగా అది తప్పు కాదు కానీ అందులో ‘హోమ్’ అనే మాట, అంటే ఇల్లు, జారిపోయింది. ఇంటి పేరుతో కట్టిన భద్రత నిజంగా ఎవరి ఇంటి తలుపు తట్టింది అనే ప్రశ్న కూడా ఆ మాటతో పాటే జారిపోయింది.

ఈ ఇంటెలిజెన్స్ పని 2001 సెప్టెంబర్ 11 తర్వాత హఠాత్తుగా పుట్టిందనుకుంటాం. దాని భాష అంతకు ముందే తయారైంది. లాస్ ఏంజెల్స్ కౌంటీ షెరీఫ్ శాఖ 1987 నాటికే ముఠాల మీద ఒక కంప్యూటర్ చిట్టా నడుపుతోంది. తర్వాత కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ విస్తరించిన ‘కాల్‌గ్యాంగ్’ అనే డేటాబేస్‌కు అదే పూర్వరూపం. 1988లో ఆ రాష్ట్రం ముఠాల మీద చేసిన చట్టం పేరులోనే ‘వీధి టెర్రరిజం’ అనే మాట ఉంది. న్యూయార్క్ జంట భవనాలు కూలడానికి పదమూడేళ్ళ ముందే మన ఈడు మగపిల్లలు మూలమీద నిలబడటాన్ని చట్టం టెర్రరిజం భాషలో చెప్పడం నేర్చుకుంది. 1992లో ఆ కౌంటీ జిల్లా అటార్నీ కార్యాలయం విడుదల చేసిన నివేదిక ప్రకారం 21 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న నల్లజాతి యువకుల్లో 47 శాతం మంది పేర్లు ముఠాల చిట్టాలో ఉన్నాయి. ఒక తరం మగవాళ్ళలో సగానికి సగం ముఠా సభ్యులని చెప్పే చిట్టా వాళ్ళ గురించి చెప్పేదానికన్నా తనను రాసినవాళ్ళ చూపు గురించే ఎక్కువ చెబుతుంది.

2003లో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ పని మొదలుపెట్టాక ఈ స్థానిక చూపుకి జాతీయ భద్రత హోదా దక్కింది. 2006లో లాస్ ఏంజెల్స్ కౌంటీలోని నార్వాక్‌లో షెరీఫ్ శాఖ, నగర పోలీసులు, ఎఫ్‌బీఐ ఒకే కప్పు కింద కూర్చుని సమాచారం పంచుకునే కేంద్రం తెరిచారు. ఇలాంటి ‘ఫ్యూజన్ సెంటర్లు’ దేశమంతటా వచ్చాయి. 2012లో అమెరికన్ సెనేట్ ఉపసంఘం వీటిని పరిశీలించింది. అక్కడినుంచి వచ్చిన సమాచారంలో చాలావరకు నాసిరకమని, టెర్రరిజాన్ని అడ్డుకోవడానికి పనికిరాలేదని, కొన్నిసార్లు పౌరహక్కులకే ముప్పు తెచ్చిందని తేల్చింది. 2003 నుంచి 2011 వరకు ఎంత ఖర్చయిందో చెప్పమంటే హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ చెప్పిన అంచనా 28.9 కోట్ల డాలర్లకూ 140 కోట్ల డాలర్లకూ మధ్య ఊగింది. పక్కింటి కుర్రాడి చొక్కా రంగును నోట్ చేసుకునే రచయిత తన ఖర్చు లెక్క మాత్రం రాసుకోలేదన్నమాట.

ఒప్పుకున్న పసిబిడ్డలు

ఇక ఫైలు శైలి చూద్దాం. ముఠా చిట్టాలో ఒక పేరు ఎక్కాలంటే నేరం చేసి ఉండనవసరం లేదు. నిర్ణయించిన కొన్ని గుర్తుల్లో సాధారణంగా రెండు ఉంటే చాలు. ముఠా సభ్యులనుకునే వాళ్ళతో కనిపించడం, ముఠా తిరిగే చోట కనిపించడం, ముఠా దుస్తులుగా పోలీసులు భావించేవి తొడుక్కోవడం, పచ్చబొట్టు, చేతి సైగ, తానే ఒప్పుకోవడం – ఇలాంటివి ఆ గుర్తులు. స్నేహం, నడక, బట్ట, ఒంటిమీద బొమ్మ అన్నీ సాక్ష్యాలే. ఇవన్నీ కథకులు పాత్రను నిర్మించడానికి వాడే పరికరాలే అని గమనించండి. తేడా ఒక్కటే. కథలో ఈ వివరాలు మనిషిని విప్పుతాయి, ఫైల్లో మూసేస్తాయి. కథలో పాత్రకు నిన్నా ఉంటుంది, రేపూ ఉంటుంది. ఫైల్లో ఉన్న మనిషి ఎప్పుడూ ‘సభ్యుడే’. ఐదేళ్ళు గడిచాక పేరు తీసేయాలని నియమం ఉన్నా, 600 మందికి పైగా పేర్లు గడువు దాటినా అలాగే ఉండిపోయాయని 2016లో కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటర్ కనిపెట్టారు.

ఆ ఆడిట్ నివేదికను నేను పదే పదే చదివాను. నాలుగు పోలీసు సంస్థల పనిని అది దగ్గరగా చూసింది. వాటిలో రెండు షెరీఫ్ కార్యాలయాలు – శాంటా క్లారా, సొనోమా కౌంటీలవి. 100 మంది వివరాలు పరీక్షిస్తే 13 మందిని చిట్టాలో చేర్చడానికి తగిన ఆధారమే లేదు. ఆ 100 మంది మీద రాసిన 563 గుర్తుల్లో 131కి సరైన రుజువు లేదు. అన్నిటికన్నా నన్ను కదిలించిన అంకె ఇంకోటి. చిట్టాలో చేర్చిన నాటికి ఏడాది కూడా నిండని వాళ్ళు 42 మంది ఉన్నారు. వారిలో 28 మంది పేర్ల పక్కన కారణంగా రాసింది – ముఠా సభ్యులమని తామే ‘ఒప్పుకున్నారు’.

బహుశా పుట్టినతేదీలు తప్పుగా ఎక్కించి ఉంటారు. పత్రికలు దీన్ని వింతవార్తగా వేసుకుని నవ్వుకున్నాయి. నాకు ఇందులో నవ్వు రాలేదు. పాలు తాగే బిడ్డ ఒప్పుకోలు ఇచ్చినట్టున్న వాక్యాన్ని ఆ ఫైలు రాసిన మనిషి గానీ, పైన సంతకం పెట్టిన అధికారి గానీ, ఏళ్ళ తరబడి వాడుకున్నవాళ్ళు గానీ వాక్యంగా చదవలేదు. తన వాక్యాన్ని తానే చదవని రచయిత మాట చాలామంది జీవితాలకు ప్రామాణికమైంది.

విరమోంతెస్ ‘ది కారిబూ కఫే’ కథ ఈ ఆడిట్‌కు ముప్పై ఏళ్ళ ముందుది. ఆమె తొలి సంపుటి ‘ది మాత్స్ అండ్ అదర్ స్టోరీస్’ (1985)లో ఉంది. మధ్య అమెరికా దేశమొకదానిలో ఒక తల్లి ఐదేళ్ళ కొడుకుని మామిడిపండు కొనుక్కురమ్మని పంపుతుంది. పిల్లవాడు తిరిగి రాడు. నిర్బంధ శిబిరానికి వెళ్ళి అడిగితే ఆ పసివాణ్ణి శత్రువులకు పనిచేసేవాడిగా లెక్కగట్టి మాట్లాడుతారు. ఆమె సరిహద్దులు దాటి అమెరికా చేరి, దారి తప్పిన ఇంకెవరి పిల్లవాడినో తన కొడుకే అనుకుని గుండెకు హత్తుకుంటుంది. చివరికి కఫేలోకి పోలీసులు వస్తారు. ఆ తల్లికి తన దేశపు సైనికుడూ అమెరికన్ పోలీసూ ఒక్కరే అయిపోతారు. మొదటిసారి చదివినప్పుడు దాన్ని మతి చెదిరిన మనసు తీరుగా వివరించడం తేలిక. ఆడిట్ తర్వాత చదివితే ఆ తల్లి చూపు స్పష్టమైన రాజకీయ జ్ఞానంగా కనిపిస్తుంది. ఐదేళ్ళవాణ్ణి గూఢచారి అన్న ఆ అధికారీ, ఏడాది నిండని బిడ్డతో ముఠా సభ్యత్వం ఒప్పించిన ఫైలూ ఒకే వ్యాకరణంలో మాట్లాడుతున్నారు. పసిదనం అనే కాలమ్ ఆ కాగితంలో లేదు.

తల్లి ఒక చిరునామా

ముఠాల గురించిన ఫైళ్ళు ఎక్కువగా మగపిల్లలవి. మరి స్త్రీవాద విమర్శకు ఇందులో పనేమిటని అడగవచ్చు. ఫైల్లో స్త్రీ ఎక్కడుందో వెతికితే జవాబు దొరుకుతుంది. ఆమె చిరునామాలో ఉంది.

ఫ్లోరిడాలోని పాస్కో కౌంటీ సంగతి చూడండి. 2011లో షెరీఫ్ అయిన క్రిస్ నోకో, నేరం జరగకముందే ఆపుతానంటూ ‘ఇంటెలిజెన్స్ ఆధారిత పోలీసింగ్’ మొదలుపెట్టాడు. ఆ విభాగానికి నాయకత్వం వహించింది ఒకప్పుడు జాతీయ కౌంటర్ టెర్రరిజం కేంద్రంలో పనిచేసిన విశ్లేషకుడు. అంటే బయటి శత్రువు కోసం తయారైన పద్ధతి ఊరి కుర్రాళ్ళ మీదికి తిరిగింది. అరెస్టుల చరిత్ర వగైరా లెక్కవేసి భవిష్యత్తులో నేరం చేస్తారనుకునే వాళ్ళ జాబితా తయారుచేయడం, వాళ్ళ ఇళ్ళకు వారంటు లేకుండా పదే పదే వెళ్ళడం – ఇదీ కార్యక్రమం. 2020లో ‘టాంపా బే టైమ్స్’ పాత్రికేయులు దీన్ని బయటపెట్టారు. ఆ పరిశోధనకు 2021లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఐదేళ్ళలో దాదాపు వెయ్యిమంది ఆ జాబితాకెక్కారనీ, వాళ్ళలో కనీసం పదిమందికొకరు మైనర్లనీ వాళ్ళు తేల్చారు. సైకిళ్ళ దొంగతనం కేసున్న ఒక పదిహేనేళ్ళ కుర్రాడి కోసం ఐదు నెలల్లో 21 సార్లు వచ్చారు. ఇంటికి రావడమే కాదు, తల్లి పనిచేసే చోటికీ వెళ్ళారు.

కుర్రాడి మీద కొత్త ఆరోపణ దొరకకపోతే ఇంటి మీద దొరికేది. గడ్డి పెరిగిపోయిందని, ఇంటి నంబరు కనపడటంలేదని జరిమానాలు. ఒక కుర్రాడి తల్లికి 2,500 డాలర్ల జరిమానా వేశారు. పెరట్లో ఐదు కోళ్ళు ఉన్నాయట. ఈ కోళ్ళ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. టెర్రరిజం నిపుణుడి లెక్కల్లోంచి బయలుదేరిన జాతీయ భద్రత ఒక ఆడమనిషి పెరట్లో కోళ్ళ దగ్గరికొచ్చి ఆగింది. ఇల్లు శుభ్రంగా లేకపోతే, బిడ్డ దారి తప్పితే, గడ్డి పెరిగితే తప్పు ఇల్లాలిదే అని చెప్పడానికి పితృస్వామ్యానికి ఇంటెలిజెన్స్ విభాగం అవసరం లేదు. కానీ షెరీఫ్‌కు మాత్రం పితృస్వామ్యం చాలా అవసరమైంది. తల్లిని వేధిస్తే కొడుకు దారికొస్తాడనే లెక్క అందులోంచి వచ్చిందే.

ఇంకో జాబితా మరింత దారుణమైనది. బడిలో మార్కులు, హాజరు, పిల్లల సంక్షేమ శాఖ రికార్డులు కలిపి, పెద్దయ్యాక నేరస్థులయ్యే ‘అవకాశమున్న’ బడిపిల్లల పట్టిక ఒకటి షెరీఫ్ కార్యాలయం తయారుచేసింది. 2020 నవంబరులో అది వార్తల్లోకొచ్చేనాటికి అందులో 420 మంది పిల్లలున్నారు. పిల్లలకుగానీ తల్లిదండ్రులకుగానీ ఆ సంగతి చెప్పలేదు. పట్టికకు తీసుకున్న అంశాల్లో బిడ్డ మీద అత్యాచారం, నిర్లక్ష్యం జరిగి ఉండటం, ఇంట్లో హింసను కళ్ళారా చూసి ఉండటం కూడా ఉన్నాయి.

ఇక్కడ మనం కొంచెం ఆగి ఆలోచించాలి. గృహహింస ఇంటి గుట్టు కాదు, అది నేరం, దాన్ని నమోదు చేయాలి, లెక్కల్లోకి ఎక్కించాలి అని ప్రపంచమంతటా స్త్రీల ఉద్యమాలు పోరాడాయి. ఆ పోరాటం సరైనదే. ఆ నమోదును నమ్మి ఒక తల్లి తన బాధ చెప్పుకుంటే, అదే కాగితం ఆమె బిడ్డను కాబోయే నేరస్థుడిగా లెక్కించే పట్టికలోకి ప్రవహించగలదని పాస్కో చూపించింది. భర్త చేసిన నేరానికి సాక్షిగా నిలబడిన బిడ్డ ఖాతాలో ఆ నేరం జమ అవుతుంది. ఈ సంగతి తెలిసిన తల్లి ఫోను ఎత్తుతుందా? గొంతు విప్పమని మనం స్త్రీలకు చెబుతూ వచ్చాం. విప్పిన గొంతు ఏ ఫైల్లోకి చేరుతుందో అడగడం కూడా మన పనే.

2021లో షెరీఫ్ కార్యాలయం జాబితాలోని కొందరికి ఉత్తరాలు పంపింది. ఏదో పథకానికి ఎంపికైనట్టు, సంతోషంగా తెలియజేస్తున్నట్టు సాగే ఉత్తరం అది. దయగా మాట్లాడే బెదిరింపు అనే ప్రక్రియ ఆడవాళ్ళకు కొత్తది కాదు. కొందరు కోర్టుకెళ్ళారు. 2024 డిసెంబరులో షెరీఫ్ తన కార్యాలయం రాజ్యాంగ హక్కులను ఉల్లంఘించిందని ఒప్పుకుని, 1,05,000 డాలర్లు చెల్లించి రాజీకొచ్చాడు. ఈ కథ మొత్తంలో నిజమైన ఒప్పుకోలు ఇదొక్కటే.

టర్టిల్‌ను ఎవరు చదివారు?

విరమోంతెస్ నవల ‘దెయిర్ డాగ్స్ కేమ్ విత్ దెమ్’ 2007లో వచ్చింది. ఈస్ట్ లాస్ ఏంజెల్స్‌లో ఇళ్ళు కూల్చి ఫ్రీవేలు కట్టిన 1960–70 మధ్య కాలం నవలలో ఉంది. పిచ్చికుక్కల బెడద పేరుతో ‘క్వారంటైన్ అథారిటీ’ అనే సంస్థ వాడలో కర్ఫ్యూ పెడుతుంది. అడ్డగింపులు, గుర్తింపు కార్డుల తనిఖీ, పైన హెలికాప్టర్లు. కుక్కలను కాల్చడానికొచ్చిన హెలికాప్టర్ ఎవరిని కుక్కగా చూస్తోందో వాడ జనానికి తెలుసు. ఈ అథారిటీ కల్పన. కానీ 1970 ఆగస్టు 29న అదే ఈస్ట్ లాస్ ఏంజెల్స్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా చికానోలు చేసిన ప్రదర్శన మీద షెరీఫ్ బలగాలు విరుచుకుపడటం కల్పన కాదు. ఆ రోజు ఒక బార్‌లో కూర్చున్న పాత్రికేయుడు రూబెన్ సలజార్ షెరీఫ్ డెప్యూటీ పేల్చిన టియర్ గ్యాస్ గొట్టం తగిలి చనిపోయాడు. విరమోంతెస్ ఆ ఘటనను నేరుగా రాయకుండా దాని వెనకున్న తర్కాన్ని తీసుకుని ఒక సంస్థగా మార్చింది. జబ్బు, భద్రత, నిర్బంధం అనే మూడు మాటలు ఒకదానికొకటి ఎలా దారి ఇస్తాయో అందువల్లే మనకు కనబడుతుంది.

నవలలో నలుగురు యువతుల జీవితాలు అల్లుకుని ఉంటాయి. వాళ్ళలో టర్టిల్ నన్ను వదలని పాత్ర. అసలు పేరు ఆంటోనియా. సోదరుడు లూయిస్‌తో పాటు మెక్‌బ్రైడ్ ముఠాలో కుర్రాడిలా బతుకుతుంది. లూయిస్ వియత్నాం వెళ్ళిపోయాక ఇల్లూ లేదు, ముఠా నీడా నిలకడగా లేదు. ఆకలితో, నిద్రలేక వీధుల్లో తిరుగుతుంది. షెరీఫ్ మనిషి ఆమెను చూస్తే ఏం రాస్తాడు? గుండు, మగదుస్తులు, ముఠా ప్రాంతం, ముఠా సహవాసం. రెండు గుర్తులు అవసరమైన చోట నాలుగున్నాయి. నమోదు పూర్తవుతుంది. బహుశా లింగం అనే గడి తప్పుగా నింపుతాడు. మగదుస్తులు ముఠా చిహ్నమని రాసుకుంటాడు తప్ప, ఒంటరి ఆడపిల్ల రాత్రిపూట వీధిలో బతకడానికి కప్పుకున్న కవచమని అతనికి తట్టదు. ఆమె నడిచిన ప్రతి వీధికీ, పడుకోవడానికి వెతుక్కున్న ప్రతి మూలకీ విరమోంతెస్ పేజీలకు పేజీలు ఇస్తుంది. కథ ముందుకు నడవదని కొందరు పాఠకులు విసుక్కుంటారు. ఆ విసుగు రచయిత్రి ఉద్దేశపూర్వకంగా అడుగుతున్న మూల్యమని నేననుకుంటాను. ఒక్క నిమిషంలో నింపే కార్డుకి జవాబుగా ఆమె మన చేత గంటలు గంటలు నడిపిస్తుంది.

అమ్మమ్మ, తాతల ఇంట్లో పెరిగే ఎర్మిలాది ఇంకో నిర్బంధం. బయట క్వారంటైన్ కర్ఫ్యూ, లోపల ఆడపిల్ల హద్దుల కర్ఫ్యూ. వాడ కుర్రాళ్ళకు బయటిది మాత్రమే కర్ఫ్యూ. రెండూ అనుభవించేది ఆడపిల్లలే. రాజ్య నిఘాను విమర్శించే మగ రచనల్లో ఈ రెండో కర్ఫ్యూ చాలాసార్లు ‘మన ఇంటి వెచ్చదనం’గా మారిపోతుంది. విరమోంతెస్ ఆ రాయితీ ఇవ్వదు.

మెక్‌బ్రైడ్ కుర్రాళ్ళు ఫ్రీవే తడి సిమెంటు మీద తమ పేర్లు గీసుకునే ఘట్టం కూడా ఫైళ్ళ నేపథ్యంలో కొత్తగా కనిపించింది. పోలీసు దానిని ముఠా రాత అంటాడు. తమ వాడను తవ్వేసిన రోడ్డు మీదే తాము ఉన్నామని రాసుకోవడం అది. ఎవరో రాసిన చిట్టాలో పేరుండటానికీ, తన పేరు తాను రాసుకోవడానికీ మధ్య దూరమే ఈ నవల వస్తువు అనిపిస్తుంది.

ఇలా చదవడంలో ఒక ప్రమాదముందని తెలుసు. ముఠా హింస నిజం. బిడ్డలను ముఠా కాల్పుల్లో పోగొట్టుకున్న తల్లులు కూడా అవే వీధుల్లో ఉన్నారు. వాళ్ళకు పోలీసు అవసరం లేదని దూరాన కూర్చుని చెప్పే హక్కు నాకు లేదు. విరమోంతెస్ కూడా దీన్ని దాటవేయదు. ముఠా ఆజ్ఞతో టర్టిల్ ఎర్మిలా బంధువు నాచోను చంపుతుంది. ఆ వెంటనే అథారిటీ తుపాకులకు తానూ బలవుతుంది. టర్టిల్‌ను చివరి వరకూ అమాయకురాలిగా ఉంచి ఉంటే మన జాలికి సులువుగా ఉండేది. హత్య చేసిన మనిషిని కూడా పూర్తిగా చూడమని నవల అడుగుతుంది. ముగింపులో ట్రాంకిలీనా ఆమె దేహాన్ని ఒడిలోకి తీసుకుంటుంది. అక్కడినుంచి నవల ఒక ఆధ్యాత్మిక ఎత్తుకు లేస్తుంది. ఆ ఎత్తు దగ్గర నాకు రచయిత్రితో పేచీ ఉంది. అంత నేలబారు వాస్తవాన్ని అంత నిబ్బరంగా రాసిన కలం, శిక్ష పడాల్సిన వ్యవస్థను నేల మీదే వదిలేసి మనల్ని ఆకాశం వైపు చూడమన్నట్టుంది.

ఒంటిమీది బొమ్మల విషయం కూడా చెప్పుకోవాలి. పచ్చబొట్టును ముఠా గుర్తుగా రాసుకునే లాస్ ఏంజెల్స్ షెరీఫ్ శాఖలోనే డెప్యూటీలు దశాబ్దాలుగా రహస్య బృందాలు కట్టుకుని, ఒకే రకం పచ్చబొట్లు పొడిపించుకున్నారు. ఈస్ట్ లాస్ ఏంజెల్స్ స్టేషన్‌లోని బృందం పేరు ‘బాండిటోస్’. 2021లో కాలిఫోర్నియా ఇలాంటి పోలీసు ముఠాలను నిషేధిస్తూ చట్టం చేసింది. 2023లో కౌంటీ పౌర పర్యవేక్షణ సంఘం తరఫున వెలువడిన నివేదిక ఈ బృందాలు ఇంకా ఉన్నాయని చెప్పింది. ఒకే గుర్తు ఒకరి ఒంటిమీద నేరం, ఇంకొకరి ఒంటిమీద స్నేహం. గుర్తుకు అర్థమిచ్చేది ఎవరి చేతిలో కలముందో అన్న సంగతే.

ఒక తల్లి చదివిన ఉత్తరం

నిరాశతో ముగించడానికి ఇదంతా రాయడం లేదు. 1992లో లాస్ ఏంజెల్స్‌లో మొదలైన ‘మదర్స్ రిక్లెయిమింగ్ అవర్ చిల్డ్రన్’ అనే తల్లుల సంఘం గురించి రూత్ విల్సన్ గిల్మోర్ తన ‘గోల్డెన్ గులాగ్’ (2007)లో రాసింది. ఎక్కువగా పేద నల్లజాతి, లాటినా తల్లులు. కోర్టులకెళ్ళి కూర్చున్నారు, చట్టం చదివారు, తమ పిల్లల కేసులు ఒకరివొకరు వివరించుకున్నారు. ‘మా అబ్బాయి అలాంటివాడు కాదు’ అనే తల్లి వేదన నుంచి, ఇంతమంది అబ్బాయిలను ఇలా ఎందుకు రాస్తున్నారు అనే రాజకీయ ప్రశ్నకు చేరారు. విడివిడి ఫైళ్ళను కలిపి చదవడమే వాళ్ళు చేసిన పని.

2013లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం మైనరును ముఠా చిట్టాలో చేర్చేముందు తల్లిదండ్రులకు తెలియజేయాలి. 2019లో లాస్ ఏంజెల్స్ నగర పోలీసుల నుంచి ఒక తల్లికి అలాంటి ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని స్టేషన్‌కు వెళ్ళి ఇది నిజం కాదంది. పై అధికారి ఆ రోజు పోలీసు ఒంటిమీది కెమెరా తీసిన దృశ్యాన్ని, కార్డు మీద రాసిన రాతతో పోల్చి చూస్తే రెండూ కలవలేదు. అక్కడినుంచి విచారణ పెరిగి, 2020లో రాష్ట్ర అటార్నీ జనరల్ నగర పోలీసులు కాల్‌గ్యాంగ్‌లో చేర్చిన రికార్డులను ఇతరులు వాడకుండా నిలిపివేశాడు. ఆ తల్లి చేసింది మనం తరగతి గదుల్లో నేర్పే పనే. ఒక పాఠాన్ని దాని ఆధారంతో పోల్చి చూడటం. ఆ ఉత్తరం తప్పనిసరి చేసిన చట్టం లేకపోతే ఆమెకు చదవడానికి పాఠమే దొరికేది కాదు. చదివే హక్కు కోసం పోరాటం చదవడం కంటే ముందుంటుంది.

ఇది చదివే మనకు ఈ ప్రక్రియ కొత్తది కాదు. తెలుగులో ‘రౌడీషీటర్’ అనే మాట ఉంది. కాగితానికి ప్రత్యయం తగిలిస్తే మనిషి అయిపోయాడు. చనిపోయిన తర్వాత కూడా పత్రికల్లో అతని పేరుకు ముందు ఆ కాగితమే ఉంటుంది. అతని తల్లి, భార్య, చెల్లెలు ఆ షీటులో ఎలా ఉంటారో మన కథల్లో ఎంత వెతికినా తక్కువే దొరుకుతుంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే చిట్టాకెక్కించింది. 1952లో ఆ చట్టం పోయింది కానీ ఎరుకల వాళ్ళ ఊరు స్టూవర్టుపురం పేరుతో 1991లో మన సినిమావాళ్ళు రెండు సినిమాలు తీసినప్పుడు పేరుతో పాటు పాత చిట్టా చూపు కూడా తెర మీదికొచ్చింది. 2014 నుంచి హైదరాబాద్‌లో షీ టీమ్స్, కెమెరాలు మన రక్షణ పేరుతోనే వచ్చాయి. వాటివల్ల ఊపిరి పీల్చుకున్న అమ్మాయిలు ఉన్నారు, కాదనను. ఆ కెమెరా నా కోసం ఎవరిని రాసుకుంటోంది, బస్తీలో ఏ తల్లి ఇంటి నంబరు దాంట్లో ఎక్కింది అని అడిగే బాధ్యత నుంచి ఆ రక్షణ నన్ను తప్పించదు.

మన రచయిత్రులు ఇంటి గురించి గొప్పగా రాశారు. వంటిల్లు, పడకగది, వసారా అన్నీ రాజకీయ స్థలాలని చూపించారు. ఆ ఇంటి గుమ్మం మీద అర్ధరాత్రి తలుపు తట్టే చప్పుడు, తలుపు తీసిన తల్లి పేరు వేరొకరి ఫైల్లో చిరునామాగా మారే క్షణం ఇంకా మన కథలోకి రావలసి ఉంది. అది ఎవరు రాస్తారో గానీ, ఆ తల్లికి ముందుగా ఒక పేరు పెట్టి మొదలుపెడతారని ఆశిస్తున్నాను.